జైలు లేదన్నారని గిల్టీ అని సంతకం పెట్టకండి

డల్లాస్ చుట్టుపక్కల మన పిల్లలు పోలీసు కేసులో ఇరుక్కుంటే మొదట ఫోన్ చేసేది లాయరుకి కాదు, సీనియర్‌కి. సీనియర్లు చెప్పేదీ ఎప్పుడూ ఒకటే. "ఫస్ట్ టైమ్ కదా, జైలుండదు. గిల్టీ అని ఒప్పేసుకో, ఫైన్ కట్టి బయటపడు." ఇక్కడ పుట్టిన కుర్రాడికి ఆ సలహా ఒక్కోసారి పనికొస్తుందేమో గానీ, ఎఫ్-1 చదువు వీసా మీదో హెచ్-1బి ఉద్యోగ వీసా మీదో ఉన్నవాళ్ళకి మాత్రం కొంప ముంచుతుంది.

టెక్సస్‌లో డెఫర్డ్ అడ్జుడికేషన్ అని ఒకటుంది. నేరం ఒప్పుకుంటే జడ్జి తీర్పు ప్రకటించకుండా ప్రొబేషన్‌లో, అంటే కొంతకాలం షరతులతో నిఘాలో పెడతాడు. అది సవ్యంగా పూర్తిచేస్తే కేసు డిస్మిస్. రాష్ట్రం లెక్కలో మీకు శిక్ష పడనట్టే, ఇమిగ్రేషన్ లెక్కలో మాత్రం పడినట్టే. నేరం ఒప్పుకుని, దానికి జడ్జి ఏదో ఒక శిక్షో ఆంక్షో పెట్టాడంటే అది కన్విక్షనే, అంటే దోషిగా తేలినట్టే అని 1996లో వచ్చిన ఫెడరల్ చట్టం చెబుతోంది. రికార్డు ఎక్స్‌పంజ్ చేయించుకున్నా, అంటే చెరిపించుకున్నా సాధారణంగా ఇదే కథ. వీసా స్టాంపింగ్‌కి నింపే డీఎస్-160లో ఎప్పుడైనా అరెస్టయ్యారా, శిక్ష పడిందా అని అడుగుతారు, క్షమాభిక్ష దొరికినా సరే చెప్పాలంటారు. అక్కడ "నో" అని టిక్కు పెట్టడం ఇంకో పెద్ద తప్పు. అబద్ధం చెప్పి వీసా తెచ్చుకోవాలని చూశారని తేలితే జీవితకాలం నిషేధం పడొచ్చు.

అన్నిటికన్నా భయపడాల్సింది "అగ్రవేటెడ్ ఫెలనీ" (ఘోర నేరం) అనే ముద్రకి. పేరు చూసి హత్యలూ దోపిడీలూ అనుకోకండి. దొంగతనం కేసులో ఏడాది శిక్ష వేసి, దాన్ని సస్పెండ్ చేసి, మీరు ఒక్క రాత్రి కూడా జైల్లో లేకపోయినా ఆ ముద్ర పడుతుంది. 365 రోజులంటే పడుతుంది, 364 అంటే పడదు. ఆ ఒక్క రోజు కోసమే కాలిఫోర్నియా 2015 నుంచి మిస్‌డిమీనర్ల (చిన్న నేరాల) గరిష్ఠ శిక్షని 364 రోజులకి తగ్గించింది. మోసం కేసైతే శిక్ష ఎంతన్నది కూడా చూడరు, బాధితుల నష్టం 10,000 డాలర్లు దాటితే చాలు. ఆ ముద్రతో వెనక్కి పంపేస్తే, ప్రభుత్వం ప్రత్యేకంగా అనుమతిస్తే తప్ప మళ్ళీ రాలేరు. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్ళయినా దేశం విడవాల్సి రావచ్చు, పౌరసత్వం దారి శాశ్వతంగా మూసుకుపోతుంది.

ఈ 10,000 డాలర్ల సంగతి ఎందుకు చెబుతున్నానంటే, పార్ట్‌టైమ్ పేరుతో "పార్సిల్ పికప్" పనులు తిరుగుతున్నాయి. ఎవరో ముసలావిడ ఇంటికెళ్ళి ఒక డబ్బా తెచ్చివ్వాలి, ట్రిప్పుకింతని ఇస్తారు. ఆ డబ్బాలో ఉండేది ఆవిడ రిటైర్మెంట్ డబ్బు. ప్రభుత్వాధికారులమని ఫోన్లో బెదిరించి బ్యాంకులోంచి తీయించినవాళ్ళు ఎక్కడో ఉంటారు. గుమ్మం దగ్గర కెమెరాలో పడేదీ పోలీసులకి చిక్కేదీ మన కుర్రాడే. ఒక్క డబ్బాలోనే ఆ హద్దు దాటిపోవచ్చు. "నాకేం తెలీదు" అనే మాట ఒకసారికి నమ్ముతారేమో, నాలుగోసారికి ఏ జ్యూరీ నమ్ముతుంది?

2019 ఫార్మింగ్టన్ యూనివర్సిటీ కేసు గుర్తుండే ఉంటుంది. మిషిగన్‌లో ఇమిగ్రేషన్ అధికారులే నడిపిన దొంగ యూనివర్సిటీ అది. అందులో చేరిన విద్యార్థుల మీద పెట్టినవి ఇమిగ్రేషన్ ఉల్లంఘనలు, అవి క్రిమినల్ కేసులు కావు. డబ్బు తీసుకుని వాళ్ళని చేర్పించిన ఎనిమిది మంది మీద మాత్రం ఫెడరల్ క్రిమినల్ కేసులు. "ఫ్రెండ్స్‌ని రిఫర్ చేస్తే కమీషన్" అన్నప్పుడల్లా ఆ తేడా తలుచుకోండి.

అరెస్టయితే పేరూ చిరునామా చెప్పి, లాయర్ వచ్చేదాకా మిగతాది మాట్లాడనని మర్యాదగా చెప్పండి. ఇండియన్ కాన్సులేట్‌కి తెలియజేయమని అడిగే హక్కు కూడా మీకుంది. కోర్టు ఉచితంగా ఇచ్చిన లాయరైనా సరే, నేరం ఒప్పుకుంటే డిపోర్టేషన్ ప్రమాదముందో లేదో ముందే చెప్పి తీరాలని 2010లో పడియా కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అయినా క్రిమినల్ లాయర్లందరికీ ఇమిగ్రేషన్ లోతుగా తెలియదు. సంతకానికి ముందు ఇమిగ్రేషన్ లాయరుకి ఒక గంట ఫీజు కట్టి ఆ కాగితం చూపించండి. కోర్టు తేదీ వాయిదా అడగొచ్చు, సిగ్గుపడనక్కర్లేదు.

ఉద్యోగాల విషయం క్లుప్తంగా చెబుతాను. కన్విక్షన్‌ని బ్యాక్‌గ్రౌండ్ చెక్‌లో చూపడానికి ఫెడరల్ చట్టంలో కాలపరిమితి లేదు. పాత అరెస్టుల మీద ఏడేళ్ళ పరిమితి ఉంది గానీ, 75,000 డాలర్లు, ఆపైన జీతముండే ఉద్యోగాలకి అదీ వర్తించదు. అంటే మన ఐటీ ఉద్యోగాలు చాలావాటికి లేనట్టే. అపార్ట్‌మెంట్ లీజుకీ, నర్సింగ్, ఫార్మసీ లైసెన్సులకీ ఇదే ప్రశ్న వస్తుంది. పెళ్ళి సంబంధాలవాళ్ళు కూడా ఇప్పుడు జాతకం కన్నా ముందు పేరు గూగుల్‌లో కొడుతున్నారు, కౌంటీ జైలు ఫొటోలు అక్కడే తగులుతాయి.

కేసు ఎలా ముగిసినా, కొట్టేసినా సరే, కోర్టు క్లర్క్ దగ్గర సర్టిఫైడ్ డిస్పొజిషన్ (కేసు తుది ఫలితం) కాపీలు రెండు మూడు తీసుకోండి. కొన్ని కోర్టులు పాత ఫైళ్ళని కొన్నేళ్ళకి తీసేస్తాయి. స్టాంపింగ్‌కి హైదరాబాద్ వెళ్ళినా, పదేళ్ళ తర్వాత సిటిజన్‌షిప్‌కి అప్లై చేసినా ఆ కాగితం మీరే చూపించాలి.