తల్లీబిడ్డల మరణాలు తగ్గింది ప్రభుత్వ విధానాల వల్లేనా? ఒక ఏఎన్ఎం జవాబు

మీ ప్రశ్న ఇది: మన దగ్గర కాన్పు మరణాలు, పసిపిల్లల మరణాలు తగ్గడానికి ఢిల్లీలో మారిన విధానాలు కారణమా, లేక జనానికి నాలుగు డబ్బులు, చదువు వచ్చాక వాటంతటవే తగ్గాయా? నేను 1987లో ఏఎన్ఎంగా, అంటే ఊళ్లు తిరిగే ప్రభుత్వ నర్సుగా చేరాను. పార్వతీపురం మన్యం జిల్లా సాలూరు చుట్టుపక్కల మైదానం ఊళ్లు, కొండ మీది గూడేలు కలిపి ముప్పై ఏళ్లకు పైగా తిరిగాను. పుస్తకాల్లో ఏముందో మీరే చదువుకోగలరు. నేను చూసింది చెబుతాను.

పైన విధానం మారిందని మాకు తెలిసేది రిజిస్టర్‌లో కొత్త గడి కనిపించినప్పుడే. నెలాఖరు మీటింగ్‌లో దేని లెక్క ముందు అడుగుతారో, నెలంతా మా కాళ్లు అటే నడుస్తాయి.

నేను చేరిన కొత్తలో ఆ లెక్క ఒక్కటే, కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు. ఏడాదికి ఇన్ని కేసులు తేవాలని టార్గెట్. మార్చి దగ్గరపడితే టెన్షన్‌తో నిద్ర పట్టేది కాదు. ఒక ఏడాది టార్గెట్ అందలేదని నాకు రెండు నెలల జీతం ఆపారు. అందుకే గర్భిణి ఇంటికి వెళ్లినా మొదట నా నోట వచ్చే మాట "ఇది ఎన్నో కాన్పమ్మా?" అనే. కాళ్లు వాచాయా, కళ్లు పాలిపోయాయా అన్నది తర్వాతి సంగతి. నన్ను దూరం నుంచి చూసి గూడెంలో ఆడవాళ్లు పక్కదారి పట్టేవారు, ఆపరేషన్‌కి పట్టుకుపోతానని. అలా తప్పుకున్నవాళ్లలో ధనుర్వాతం రాకుండా టీటీ ఇంజెక్షన్ వేయాల్సిన గర్భిణులూ ఉండేవారు. అది ఇప్పటికీ నన్ను బాధపెడుతుంది.

1994లో ఈజిప్టులోని కైరోలో జనాభా మీద పెద్ద అంతర్జాతీయ సదస్సు జరిగింది. ఆపరేషన్ల లెక్క కన్నా ఆడవాళ్ల ఆరోగ్యం ముందన్నారు అక్కడ. 1996 ఏప్రిల్‌లో కేంద్రం టార్గెట్లు తీసేసింది. మరుసటి ఏడాది తల్లీబిడ్డల ఆరోగ్యం మీద ఆర్‌సీహెచ్ కార్యక్రమం వచ్చింది. కైరో పేరు మా సబ్ సెంటర్ దాకా రాలేదు. మీటింగ్‌లో మాత్రం "గర్భిణిని మూడో నెలలోపే నమోదు చేశావా?" అని ముందు అడగడం మొదలైంది. పాత అలవాటు ఒక్కసారిగా పోయిందని చెప్పను. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో కూడా ఆంధ్రలో పెళ్లయిన ఆడవాళ్లలో దాదాపు 70 శాతం మంది ఆపరేషన్ చేయించుకున్నవాళ్లే. కానీ గూడెంలో నన్ను చూసి దాక్కోవడం రెండు మూడేళ్లలో తగ్గింది.

ఇక డబ్బు, చదువు వచ్చాకే అంతా మారిందనేవాళ్లకు నేను పసిపిల్లల ధనుర్వాతం సంగతి చెబుతాను. చేరిన మొదటి సంవత్సరాల్లో అలాంటి బిడ్డల్ని కళ్లారా చూశాను. ఐదో రోజో ఆరో రోజో పాలు తాగడం మానేస్తారు, దవడ బిగుసుకుపోతుంది, ముట్టుకుంటే చాలు ఒళ్లంతా విల్లులా వంగుతుంది. బొడ్డు కోసింది కొడవలితో, పైన వేసింది బూడిద. 1985లో మొదలైన సార్వత్రిక టీకాల కార్యక్రమం జిల్లాల వారీగా విస్తరించింది. వాక్సిన్ క్యారియర్ భుజాన వేసుకుని, ఐస్ కరిగేలోపు కొండెక్కి గర్భిణులకు టీటీ వేసేవాళ్లం. మంత్రసానులకు శిక్షణ ఇచ్చి సబ్బు, కొత్త బ్లేడు, దారం ఉన్న కిట్లు పంచాం. ఆ ఇళ్లలో అప్పటికి వేరే ఏమీ మారలేదు. అదే పూరిల్లు, అదే చోడి అంబలి. అయినా ఆ జబ్బు పోయింది. దాన్ని అదుపు చేసిన మొదటి రాష్ట్రంగా 2003లో మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు గుర్తింపు వచ్చింది. దేశమంతటికీ 2015లో వచ్చింది.

తల్లుల మరణాలు అంత తేలిగ్గా లొంగలేదు. 1998లో ఒకామెకు కాన్పయ్యాక మాయ పడలేదు. రక్తం ఆగలేదు. డోలీ కట్టి దించుతుంటే నేను పక్కనే నడిచాను. రోడ్డు కనబడేలోపే ప్రాణం పోయింది. మంత్రసాని చేయి ఎంత శుభ్రంగా ఉన్నా ఆ రక్తాన్ని ఆపలేదు. 2005లో గ్రామీణ ఆరోగ్య మిషన్ వచ్చింది, ఊరికో ఆశా వచ్చింది, ఆసుపత్రిలో కాన్పయితే మన పల్లెల్లో పేద తల్లులకు 700 రూపాయలు వచ్చాయి. ఆ ఏడాదే 108 అంబులెన్స్ కూడా మొదలైంది. 2001-03లో ఉమ్మడి రాష్ట్రంలో లక్ష మంది బిడ్డలు బతికి పుడితే 195 మంది తల్లులు చనిపోయేవారు. 2018-20 నాటికి అది ఆంధ్రలో 45కి, తెలంగాణలో 43కి దిగింది. రోడ్లు, ఫోన్లు, ఆడపిల్లల చదువు కూడా ఇందులో ఉన్నాయి, కాదనను. అయితే బండి కొండెక్కదు కదా. నెలలు నిండకముందే దిగి వచ్చి ఉండేందుకు సాలూరులో గిరిజన గర్భిణుల వసతి గృహం పెట్టాక కొండ మీది ఆడవాళ్ల భయం కొంత తీరింది.

ఆసుపత్రి గడి నిండుతుంటే మంత్రసానులు పక్కకి పోయారు. నా దగ్గర శిక్షణ పొందిన ఒక ముసలమ్మ "నర్సమ్మా, ఇంక నా చెయ్యి పనికిరాదా?" అని అడిగితే నాకు జవాబు దొరకలేదు. కాన్పు ఎక్కడ జరిగిందని అడిగినంతగా ఎలా జరిగిందని ఎవరూ అడగలేదు. 2019-21 సర్వేలో తెలంగాణలో 60 శాతం, ఆంధ్రలో 42 శాతం కాన్పులు సిజేరియన్ కోతలే. ఇన్ని అవసరమై చేస్తున్నవంటే నేను నమ్మను.

రక్తహీనత ఎందుకు తగ్గలేదని కూడా అడిగారు. ఐరన్ మాత్రల పథకం 1970 నుంచీ ఉంది. 2019-21 సర్వేలో దేశంలో ఇంకా 57 శాతం ఆడవాళ్లకు రక్తం తక్కువే. మా రిజిస్టర్‌లో ఉన్నది "ఇచ్చిన మాత్రలు" అనే గడి. ఒక ఇంట్లో చూరులో దోపిన మాత్రల పొట్లాలు నాకే దొరికాయి. వికారం అని, విరేచనం నల్లగా వస్తుందని, బిడ్డ బాగా పెరిగితే కాన్పు కష్టమని అత్తలు వద్దనేవారు. ఆ భయాన్ని తప్పుపట్టలేను, కాన్పులో పోయినవాళ్లని వాళ్లు చూశారు. తర్వాత అంగన్‌వాడీలో గర్భిణులకు మధ్యాహ్నం భోజనం పెట్టడం మొదలైంది. నేను ఆ వేళకే వెళ్లేదాన్ని. అన్నం తిన్నాక వాళ్ల పక్కన కూర్చుని, కబుర్లు చెబుతూ మాత్ర మింగించేదాన్ని. అత్తల్ని కూడా పిలిచి కూర్చోబెట్టేదాన్ని. అలా మింగినవాళ్లలో చాలామందికి తొమ్మిదో నెలకు హిమోగ్లోబిన్ పది దాటింది. ఎవరు నా ఎదుట మింగారో రాయడానికి రిజిస్టర్‌లో గడి లేదు, అట్ట లోపలి వైపు పెన్నుతో గీతలు గీసుకునేదాన్ని.