పాత బొక్కలు, పాత గుడ్లు: పిట్టల మీద మీ ప్రశ్నలు

పోయిన సంచికల బట్టమేక పిట్ట (గ్రేట్ ఇండియన్ బస్టర్డ్) మీద రాసినం కదా, ఈసారి ఉత్తరాలన్నీ పిట్టల మీదనే వచ్చినయి. మూడు తీసుకుంటున్న.

ప్రశ్న: సార్, మా దిక్కు నల్లమల గుట్టల్ల గుహలున్నయి. వాటిల్ల పాత పిట్టల బొక్కలు దొరికితే డీఎన్ఏ తీయొచ్చా?
– డిగ్రీ విద్యార్థి, అచ్చంపేట

జవాబు: బొక్క దొరుకుడు పెద్ద కష్టం కాదు తమ్మీ. బేతంచెర్ల కాడ బిల్లసర్గం గుహల్ల భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్, ఆయన కొడుకు 1880ల్లనే తవ్వి పాత జంతువుల బొక్కలు మస్తు తీసిండ్రు. ఆకారం చూసి ఏ రకం పిట్టనో కొంతవరకు చెప్పొచ్చు కూడా. డీఎన్ఏ సంగతి వేరే, దానికి మన ఎండలే శత్రువు. న్యూజిలాండ్‌ల మోవా అనే పెద్ద పిట్టలుండేవి, మనుషులు పోయినంక వేటాడి ఖతం చేసిండ్రు, వాటి 158 కాలిబొక్కలు పరీక్ష చేసి 2012ల ఏం తేల్చిండ్రంటే ప్రతి 521 ఏండ్లకు డీఎన్ఏ సగం విరిగిపోతదని, అది కూడా నేల 13 డిగ్రీల చల్లగుంటే. మన దగ్గర ఎండాకాలం ఎట్లుంటదో నీకు చెప్పేదేముంది.

అయితే గుడ్డు పెంకు మాత్రం గట్టిది. బొక్కల నీళ్లు, సూక్ష్మజీవులు దూరుతయి, పెంకుల డీఎన్ఏ సున్నపు పలుకుల మధ్య ఇరుక్కొని దాక్కుంటది. రాజస్థాన్, మధ్యప్రదేశ్‌ల దొరికిన పెంకు ముక్కల నుంచి మన హైదరాబాద్ల జీవకణాల మీద పరిశోధన చేసే సీసీఎంబీ సంస్థ వాళ్లు, రూర్కీ ఐఐటీ వాళ్లు కలిసి డీఎన్ఏ తీసి, అవి నిప్పుకోడివే, ఆఫ్రికా నిప్పుకోడికి దగ్గరి చుట్టాలే అని 2017ల చెప్పిండ్రు. కనీసం 25 వేల ఏండ్ల పాతవి! గంత ఎండల గూడ ఆగింది చూడు. కాబట్టి నీ కండ్లకు పెంకు ముక్క పడితే ఉత్త చేతులతోని ముట్టకు, మన చెమట, ఉమ్మి తగిలితే ల్యాబ్‌ల మన డీఎన్ఏనే ముందుగాల వస్తది. ఫొటో తీసి, జాగ గుర్తు పెట్టి, పురావస్తు శాఖకు చెప్పు.

ప్రశ్న: డీఎన్ఏ ఉంటే డోడోను మళ్ల పుట్టిస్తరట, నిజమేనా?
– తొమ్మిదో తరగతి విద్యార్థిని, మక్తల్

జవాబు: ఇంకా పుట్టియ్యలేదు బిడ్డా. డోడో అంటే మారిషస్ దీవిల ఉండి ఖతమైపోయిన, ఎగరలేని పిట్ట. 2002ల డోడో డీఎన్ఏ చదివితే దాని దగ్గరి చుట్టం మన నికోబార్ పావురమని తేలింది, ఇప్పుడు పావురం జన్యువులు మార్చి డోడో లెక్క పిట్టను చేద్దామని చూస్తున్నరు, అదొచ్చినా అసలు డోడో కాదని నా అభిప్రాయం. నాకైతే అసలు మజా వేరే దగ్గరుంది. మోవాల ఒక రకంల పెద్దవి, చిన్నవి వేర్వేరు జాతులని ఏండ్ల తరబడి పుస్తకాల్ల రాసిండ్రు, 2003ల డీఎన్ఏ చూస్తే పెద్దవన్నీ ఆడవి, చిన్నవన్నీ మగవి, మగదానికి రెండింతల పైనే బరువుండేదట ఆడది! బొక్కలు ఎన్నిసార్లు కొలిచినా ఈ ముచ్చట దొరకకపోవు.

ప్రశ్న: మా తాత బట్టమేక పిట్టను చూసిన అంటడు. ఆయన పెట్టెల ఒక ఈక ఉంది. అది దానిదేనా అని తెలుసుకోవచ్చా? తెలిస్తే ఏం లాభం?
– రైతు, దేవరకొండ

జవాబు: లాభం ఉంటదన్నా, కలివికోడి (జెర్డన్ కోర్సర్) అనే అరుదైన పిట్ట సంగతి చెప్త విను. 1900 తర్వాత కనబడక ఇగ లేదనుకున్న పిట్ట 1986ల కడప దిక్కు దొరికింది. 2013ల స్కాట్లాండ్ అబర్డీన్ యూనివర్సిటీ మ్యూజియంల ఒక గుడ్డు బయటపడితే, మ్యూజియంల దాచిన పాత పిట్టల కాలి వేలి తోలుతోని డీఎన్ఏ పోల్చి కలివికోడిదే అని తేల్చిండ్రు. అది 1917ల కోలార్ గనుల దిక్కు ఏరిన గుడ్డని నమ్ముతున్నరు, అంటే ఎక్కడ వెతకాలె అనేదానికి ఇంకో జాగ కలిసినట్టే కదా. బట్టమేక కూడా దేశం మొత్తంల బయట తిరిగేవి సుమారు 150 దాకే మిగిలినయి, ఎక్కువ జైసల్మేర్ దిక్కే. ఇప్పుడున్న వాటి డీఎన్ఏల తేడాలు చాన తక్కువ, ఒకప్పుడు ఎంత తేడా ఉండెనో పాత ఈకలు, తోళ్లే చెప్పాలె.

ఒక్క మాట, ఆ పిట్ట ఈక ఇంట్ల పెట్టుకునుడు వన్యప్రాణి చట్టం ఒప్పదు, అందుకని దాచిపెట్టకుండ అటవీ శాఖోళ్లకు చెప్పుండ్రి, వాళ్లు హైదరాబాద్ అత్తాపూర్‌ల సీసీఎంబీ వాళ్ల లాకోన్స్ (అంతరించిపోయే జీవుల మీద పనిచేసే) ల్యాబ్‌కు పంపియ్యొచ్చు. ఈక కాడ మొదట్లనే డీఎన్ఏ ఎక్కువుంటది, దాన్ని కడగొద్దు, ప్లాస్టిక్ కవర్ల పెట్టొద్దు, చెమ్మ పట్టి ఖరాబైతది, కాగితం కవరైతే మంచిది. తాత ఏ ఊరి చెలకల, ఏ ఏండ్ల చూసిండో కూడా అడిగి కవర్ మీద రాయుండ్రి.