నిర్మాణ సంస్థ మార్కెటింగ్‌లో డ్రోన్, వీఆర్, ఏఐ: దేనితో మొదలుపెట్టాలి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: ఒక మధ్యస్థాయి నిర్మాణ సంస్థలో మార్కెటింగ్ చూస్తున్నారు. బిమ్ (భవనాన్ని వివరాలతో సహా కంప్యూటర్‌లో ముందే కట్టి చూసే పద్ధతి), డ్రోన్, వీఆర్ (హెడ్‌సెట్ పెట్టుకుని ఇంకా కట్టని ఇంట్లో తిరిగి చూడడం), ఏఐ అంటూ రోజుకొకరు వచ్చి డెమో ఇచ్చి వెళ్తున్నారు. వీటిలో నిజంగా పనికొచ్చేది ఏది, ఉన్న బడ్జెట్ దేని మీద పెట్టాలి?

నేను చాలా ఏళ్లు సైట్ ఇంజనీరుగా చేశాను. తర్వాత క్లయింట్లతో, కొనుగోలుదారులతో మాట్లాడే పనిలోకి వచ్చాను. రెండు వైపులా ఉండి చూశాను కాబట్టి సూటిగానే చెప్తాను. ముందు మీ సైట్‌లో రికార్డు ఎలా ఉంటోందో చూడండి. అది బాగుంటే మార్కెటింగ్‌కి కావాల్సిన సరుకు చాలావరకు అక్కడే దొరుకుతుంది. అది లేకపోతే ఎంత ఖరీదైన వీఆర్ హెడ్‌సెట్ కొన్నా అందులో చూపించడానికి నమ్మదగ్గదేమీ ఉండదు.

ఇప్పుడు చాలా సైట్లు నడుస్తున్నది వాట్సాప్ గ్రూపుల మీదే. దాన్ని నేను తక్కువ చేసి మాట్లాడను. చదవడం అంతగా రాని మేస్త్రీకి వాయిస్ మెసేజ్‌ని మించిన సాధనం ఇంతవరకు నాకు కనబడలేదు. చిక్కు ఎక్కడొస్తుందంటే, పొద్దున ఒక డ్రాయింగ్ వస్తుంది, మధ్యాహ్నం అదే డ్రాయింగ్ చిన్న మార్పుతో మళ్లీ వస్తుంది, కింద ఎవరో 'ఓకే సర్' అని పెడతారు. ఆ ఓకే ఏ డ్రాయింగ్‌కో ఎవరూ చెప్పలేరు. పైగా ఫోటోగా పంపితే వాట్సాప్ దాన్ని కుదించేస్తుంది, కొలతలు అలుక్కుపోతాయి. ఫోటో ఎప్పుడు, ఎక్కడ తీశారన్న వివరాలు కూడా ఫైల్‌లోంచి పోతాయి. అదే ఫోటోని డాక్యుమెంట్‌గా పంపితే ఆ వివరాలు ఉంటాయి. ఇంత చిన్న సంగతి తెలియక, తర్వాత తగాదా వచ్చినప్పుడు చేతిలో ఫోటో ఉండి కూడా తేదీ నిరూపించలేకపోయిన వాళ్లను చూశాను.

నేను పనిచేసిన ఒక ప్రాజెక్టులో బీమ్‌లో డ్రైనేజీ పైపు కోసం వదిలే స్లీవ్ చోటు మారింది. మార్చిన డ్రాయింగ్ గ్రూపులోకి వచ్చింది కానీ, కడ్డీలు కట్టేవాళ్ల దగ్గర పాత ప్రింటే ఉంది. కాంక్రీట్ అయిపోయాక బీమ్‌కి రంధ్రం కొట్టొచ్చా లేదా అని స్ట్రక్చరల్ కన్సల్టెంట్ చుట్టూ తిరగడం, ఆయన లెక్క చూసి ఒప్పుకునేదాకా ప్లంబింగ్ పని ఆగిపోవడం, ఆ టెన్షన్ అంతా ఒక పాత కాగితం వల్ల. తర్వాత నుంచి ప్రతి ప్రింటు మూలన క్యూఆర్ కోడ్ వేయించాం. ఫోన్‌తో స్కాన్ చేస్తే ఈ డ్రాయింగ్ ఇంకా చెల్లుతుందా, కొత్త రివిజన్ వచ్చిందా అనేది తెలుస్తుంది. కడ్డీలు కట్టే బార్‌బెండర్లు కూడా రెండు మూడు సార్లు చూపిస్తే అలవాటు చేసుకున్నారు.

దీనికి పద్ధతిగా ఉన్న ఏర్పాటునే కామన్ డేటా ఎన్విరాన్‌మెంట్ అంటారు. అందరి ఫైళ్లూ ఒకేచోట ఉంటాయి. ప్రతి ఫైలూ నాలుగు స్థితుల్లో ఏదో ఒకదానిలో ఉంటుంది: ఇంకా తయారవుతున్నది, మిగతావాళ్లు చూడ్డానికి పంచినది, పనికి విడుదల చేసినది, భద్రపరచినది. 2018లో వచ్చిన ఐఎస్ఓ 19650 అనే అంతర్జాతీయ ప్రమాణం చెప్పేది ఇదే. బ్రిటన్ అంతకుముందే, 2016 ఏప్రిల్ నుంచి, కేంద్ర ప్రభుత్వం కట్టించే ప్రాజెక్టులకు బిమ్ తప్పనిసరి చేసింది. బిమ్ అంటే అందమైన త్రీడీ బొమ్మ అనుకుంటే పొరపాటు. అందులో గోడకి గోడ అని తెలుసు, తలుపుకి తన వెడల్పు తెలుసు. ఏసీ డక్ట్ బీమ్‌ని గుద్దుకుంటుంటే స్లాబ్ వేయకముందే తెర మీద కనబడుతుంది. ఆ ఆలోచనకి 1970లలోనే చార్లెస్ ఈస్ట్‌మన్ అనే అమెరికన్ పరిశోధకుడి కృషి పునాది వేసింది. సైట్ దాకా రావడానికి ఇన్నాళ్లు పట్టింది.

ఇక మార్కెటింగ్ సంగతి. కొనేవాళ్లు ఈ రోజుల్లో బ్రోచర్ చూసి ముచ్చటపడతారు గానీ నమ్మరు. ఎలివేషన్ బొమ్మలో ఆకాశం అందరికీ ఒకేలా నీలంగా ఉంటుందని వాళ్లకీ తెలుసు. నమ్మకం పుట్టేది పని జరుగుతుండగా తీసిన, తేదీ ఉన్న ఆధారం దగ్గర. బాత్రూమ్ వాటర్‌ప్రూఫింగ్ అయ్యాక నీళ్లు నిలిపి పరీక్షిస్తాం కదా, అప్పుడు నీటి మట్టం దగ్గర గోడ మీద పెన్సిల్‌తో గీత గీసి ఒక ఫోటో, 24 గంటల తర్వాత అదే కోణంలో ఇంకో ఫోటో, ఆ వెంటనే కింది అంతస్తు సీలింగ్ ఫోటో తీయించేవాణ్ని. ఎండకి ఆవిరైనది పోగా మట్టం నిలబడిందా, కింద తడి ఉందా అన్నది ఆ మూడింట్లో స్పష్టంగా ఉంటుంది. ఆ ఫోటోలు మేం తీసింది క్వాలిటీ ఫైల్ కోసం. ఒకరోజు ఫ్లాట్ చూడ్డానికి వచ్చిన ఒక పెద్దావిడ 'ఇంతకుముందున్న ఇంట్లో లీకేజీతో విసిగిపోయాం బాబూ' అంటే ల్యాప్‌టాప్‌లో అవి తెరిచి చూపించాను. ఆవిడ చాలాసేపు ఆ పెన్సిల్ గీతనే చూశారు. తర్వాత అడిగిన ప్రశ్నలన్నీ మారిపోయాయి: ఈ రికార్డు మా ఫ్లాట్‌కీ ఉంటుందా, మాకు ఇస్తారా?

అప్పటినుంచి నా పద్ధతి ఒకటే. మూసేసే ప్రతి పనికీ మూసే ముందు ఫోటో ఉండాలి. స్లాబ్‌లో కరెంటు వైర్ల కోసం వేసే కండ్యూట్ గొట్టాలు, గోడల్లో నీళ్ల పైపులు, ప్రెజర్ టెస్ట్ గేజ్ రీడింగ్, అన్నీ. హెల్మెట్‌కి 360 డిగ్రీల కెమెరా తగిలించుకుని అంతస్తు మొత్తం నడిస్తే చాలు, ఏ ఫోటో ప్లాన్‌లో ఎక్కడిదో సాఫ్ట్‌వేరే అమర్చే సదుపాయాలు వచ్చేశాయి. ఏళ్ల తర్వాత ఇంటివాళ్లు గోడకి డ్రిల్ వేయాలనుకుంటే లోపల ఏ పైపు ఉందో చూసుకోవచ్చు. అలాంటి ఇంటివాళ్లు పదిమందికి చెప్పే మాట ముందు ఏ యాడ్ నిలవదు.

డ్రోన్ గురించి ఎక్కువ చెప్పను. అనుమతులు చూసుకోండి. ప్రతిసారీ అవే బిందువుల నుంచి, అదే ఎత్తులో తీయించండి. అలా తీస్తేనే ఈ నెలకీ పోయిన నెలకీ తేడా తెలుస్తుంది, మట్టి పని కొలతలకీ పనికొస్తుంది. సంగీతం పెట్టి గిర్రున తిప్పే వీడియోలు ఒకసారి చూసి వదిలేస్తారు.

వీఆర్ మాత్రం ప్లాన్ చదవడం రానివాళ్లకి నిజమైన మేలు చేస్తుంది. వంటగది గట్టు ఎత్తు, తలుపు ఎటు తెరుచుకుంటుంది, మంచం వేశాక నడవడానికి చోటు ఎంత మిగులుతుంది, ఇవన్నీ కట్టకముందే తేలిపోతాయి. కానీ ఇల్లంతా తిరిగి చూపించే ఆ వాక్‌త్రూ, నిర్మాణానికి వాడే బిమ్ మోడల్ నుంచే రావాలి. బయటి స్టూడియోకి విడిగా ఇచ్చి చేయించిన బొమ్మలు, డిజైన్ మారినప్పుడు మారవు. బొమ్మలో లేని కాలమ్ హాలు మధ్యలో ప్రత్యక్షమైతే అమ్మినవాడి మాట పోతుంది. ఏఐతో గీయించిన చిత్రాలతో ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ. అది ప్లాన్‌లో లేని కిటికీ పెడుతుంది, లేని ఖాళీ చూపిస్తుంది, క్షణంలో అందంగా చేసిపెడుతుంది. ఒక కుటుంబం జీవితకాలపు పొదుపు పెట్టి కొనే ఇంటి విషయంలో ఇది చిన్న సంగతి కాదు. ప్రకటనలో వేసే ప్రతి చిత్రం వెనక ఒక డ్రాయింగ్ నంబరు ఉండాలని పట్టుబట్టండి. ఊహాచిత్రమైతే ఊహాచిత్రమని కనబడేంత పెద్దగా రాయండి.

ఏఐ బాగా పనికొచ్చేది మరోచోట. మీటింగ్‌లో మాట్లాడుకున్నది మినిట్స్‌గా రాయడం, వేరే భాష మాట్లాడే కూలీలకి భద్రతా సూచనలు వాళ్ల భాషలో వినిపించడం, రాత్రి పూట వచ్చిన ఎంక్వైరీలకి ప్రాథమిక సమాధానం ఇవ్వడం. అంకెలు ఉన్నచోట మాత్రం మనిషి చూడకుండా ఏదీ బయటికి వెళ్లకూడదు. 'ఎప్పుడు అప్పగిస్తారు?' అన్న ప్రశ్న చాట్‌బాట్‌కి వదలకండి. ఆ మాటకి మీరు జవాబుదారీ.

ఇంకొకటి, చాలామంది పట్టించుకోనిది. కెమెరా పెట్టేటప్పుడు పనివాళ్లకి ఎందుకో చెప్పండి, ముఖాలు ప్రకటనల్లో వాడాలంటే అడగండి. వాళ్లను కనిపెట్టడానికే ఈ కెమెరా అని అనుమానం వచ్చిందంటే, తప్పు జరిగినప్పుడు ముందుగా వచ్చి చెప్పే మనిషి ఉండడు. నాకు తెలిసి సైట్‌లో అంతకంటే విలువైన సమాచారం లేదు.

మీరు ఇళ్లు కాకుండా టైల్స్, కిటికీలు లాంటి సామగ్రి అమ్ముతుంటే దారి వేరు. మీ ఉత్పత్తులకి సరైన కొలతలు, వివరాలతో బిమ్ ఆబ్జెక్టులు (బిమ్ మోడల్‌లో నేరుగా పెట్టుకోగల డిజిటల్ నమూనాలు) చేయించి డిజైనర్లకి అందుబాటులో పెట్టండి. ఆర్కిటెక్ట్ తన మోడల్‌లో మీ కిటికీ పెట్టుకున్న రోజే అమ్మకం సగం అయినట్టు.

కాబట్టి ముందు ఒక్క అంతస్తు తీసుకోండి. ఫోటోలు ఎవరు తీయాలి, ఏ దశల్లో తీయాలి, ఫైల్ పేరులో ఫ్లాట్ నంబరు, తేదీ ఎలా రాయాలి, ఇవి సైట్ ఇంజనీరుతో కూర్చుని తేల్చుకోండి. అతనికి అదనపు బరువు అవుతుంది కాబట్టి, ఆ పనికి ఒక మనిషిని ఇవ్వమని మీ మేనేజ్‌మెంట్‌ని అడగాల్సింది మీరే. నన్నడిగితే మీ బడ్జెట్‌లో మొదటి ఖర్చు ఆ మనిషి జీతం. ఇక డెమోకి వచ్చేవాళ్లను, రేపు మీతో ఒప్పందం ముగిస్తే మా డేటా మొత్తం ఏ ఫార్మాట్‌లో తిరిగిస్తారు అని ముందే అడగండి. మోడల్ అయితే వేర్వేరు బిమ్ సాఫ్ట్‌వేర్లు చదవగలిగే ఐఎఫ్‌సీ ఫార్మాట్‌లో, డ్రాయింగులు పీడీఎఫ్‌లో, ఫోటోలు తేదీ వివరాలతో సహా మామూలు జేపెగ్‌లో ఇస్తామని రాతపూర్వకంగా ఒప్పుకున్నవాళ్లతోనే మిగతా మాటలు మాట్లాడండి.