ఒకే వ్యక్తి ఇద్దరు సందర్శకులుగా ఎందుకు లెక్కకు వస్తారు?
వెబ్‌సైటు సందర్శకులను లెక్కించే సాధనమైన గూగుల్ అనలిటిక్స్ 4 గుర్తించేది మనిషిని కాదు, బ్రౌజర్‌ను. మొదటిసారి పేజీ తెరిచినప్పుడు యాదృచ్ఛికంగా పుట్టించిన ఒక సంఖ్యను కుకీలో (సైటు కోసం బ్రౌజర్ దాచుకునే చిన్న సమాచారంలో) భద్రపరచి, ఆపై పంపే ప్రతి సమాచారానికీ దానినే జత చేస్తుంది. అందువల్ల ఉదయం ఫోన్‌లోనూ సాయంత్రం ల్యాప్‌టాప్‌లోనూ ఒకే సైటు చూసిన వ్యక్తి, లాగిన్ వంటి ఉమ్మడి ఆధారం లేకపోతే, ఇద్దరిగా నమోదవుతారు. ఈ కుకీ గడువు సాధారణంగా 2 సంవత్సరాలు. అయితే 7 రోజులు ఆ సైటుకు తిరిగి రాకపోతే, స్క్రిప్టు (పేజీలో నడిచే కోడ్) రాసిన ఇలాంటి కుకీలను ఆపిల్ బ్రౌజర్ సఫారీ తొలగిస్తుంది కనుక, ఐఫోన్ వాడుకరులు ఎక్కువగా ఉన్నచోట ‘కొత్త సందర్శకుల’ అంకెను నేనైతే పెద్దగా నమ్మను. సెషన్ (అంటే ఒక విడత సందర్శన) సంగతి సులువు: మామూలు అమరికలో, 30 నిమిషాలు ఏ చర్యా లేకపోతే అది ముగుస్తుంది. పరికరం రకాన్ని బ్రౌజర్ తన గురించి తాను చెప్పుకొనే వివరాల నుండి ఊహిస్తారు; ఐప్యాడ్‌లోని సఫారీ మాత్రం తనను మ్యాక్‌గా పరిచయం చేసుకుంటుంది.