కెమెరాకు మూడు లక్షలు అడుగుతున్న కొడుకు

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా పలాస. నేను జీడి పరిశ్రమలో పిక్కలు కొట్టే పనికి వెళ్తాను. మా ఆయన చెన్నైలో భవన నిర్మాణ పనుల్లో ఉన్నారు. అబ్బాయి డిగ్రీ రెండో సంవత్సరం. చిన్నప్పటి నుంచి పెద్ద హీరో సినిమా వస్తే మొదటి ఆటకు వెళ్లాల్సిందే. ఇప్పుడు చదువు ఆపేసి, స్నేహితులతో కలిసి తక్కువ ఖర్చులో సొంతంగా సినిమా తీస్తానని, కెమెరా కొనడానికి మూడు లక్షలు కావాలని అడుగుతున్నాడు. ఉన్న కాస్త బంగారం తాకట్టు పెడితే ఆ డబ్బు వస్తుంది. సినిమాలు చూసే పిచ్చి ఉన్నంత మాత్రాన సినిమా తీయగలడా? డబ్బు ఇవ్వమంటారా, వద్దంటారా? – ఒక తల్లి

సమాధానం: అమ్మా, మీ చివరి ప్రశ్నకే ముందుగా జవాబు చెబుతాను. కెమెరా కోసం బంగారం తాకట్టు పెట్టవద్దు. చదువు మధ్యలో ఆపనివ్వవద్దు. అయితే సినిమా తీయవద్దని మాత్రం అబ్బాయితో అనకండి. మొదటి సినిమాకు మూడు లక్షల కెమెరా అవసరం లేదు కాబట్టి ఈ మూడు మాటల మీదా మీరు ఒకేసారి నిలబడవచ్చు.

మొదటి ఆటకు వెళ్లే అలవాటును మీరు ఒక లోపంగా రాశారు. నేను దాన్ని అలా చూడను. వందల మంది మధ్య కూర్చుని, ఎక్కడ ఈలలు పడ్డాయో, ఎక్కడ హాలంతా నిశ్శబ్దమైపోయిందో, ఎక్కడ జనం లేచి బయటికి వెళ్లారో ఏళ్ల తరబడి గమనించిన పిల్లవాడికి ప్రేక్షకుడి నాడి కొంత తెలిసే ఉంటుంది. చిన్న సినిమాలు తీయాలనుకునే యువకుల్లో కొందరు, పెద్ద హీరోల సినిమాలు ఇష్టమని చెప్పుకోవడానికి సిగ్గుపడుతున్నారు. ఆ సిగ్గు అనవసరం. కాకపోతే చూసి ఆనందించడం వేరు, అది ఎలా కట్టారో విప్పి చూడడం వేరు. మొదటిసారి స్నేహితులతో హాయిగా చూడమనండి. అదే సినిమా తర్వాత ఫోన్‌లోకి వచ్చినప్పుడు, తనకు బాగా నచ్చిన ఒక్క సన్నివేశాన్ని శబ్దం లేకుండా చూసి, ఎన్ని షాట్లు ఉన్నాయో, ప్రతి షాట్ ఎక్కడ మొదలై ఎక్కడ తెగిందో, కెమెరా ఎవరి వైపు నిలబడిందో ఒక నోట్‌బుక్‌లో రాయమనండి. రెండు మూడు సన్నివేశాలు రాసేసరికి విసుగు పుడుతుందో, ఆసక్తి పెరుగుతుందో మీకే తెలుస్తుంది. అబ్బాయికి ఈ పని సరిపడుతుందా అన్న మీ సందేహానికి, ఖర్చు లేకుండా దొరికే మొదటి జవాబు అది.

జనరంజకమైన సినిమా నుంచి తక్కువ ఖర్చు సినిమా నేర్చుకోవలసింది చాలానే ఉంది. 1957లో వచ్చిన ‘మాయాబజార్’ అభిమన్యుడి పెళ్లి కథ. అయినా అందులో పాండవులు ఒక్కరు కూడా తెరపై కనిపించరు, ఆ లోటు చూసేవారికి తెలియదు కూడా. ఎవరిని చూపించాలో ఎంత ముఖ్యమో, ఎవరిని చూపించకుండా కథ నడపవచ్చో కూడా అంతే ముఖ్యం. మీ అబ్బాయి ఉద్దానంలో డయాలసిస్‌కు వెళ్లే తండ్రి కథ రాసుకున్నాడనుకుందాం. ఆసుపత్రి వార్డు, యంత్రాలు, డాక్టరు పాత్ర ఇవన్నీ కావాలంటే అనుమతులు, డబ్బు రెండూ కావాలి. అదే కథను వేకువజామున ఇంటి అరుగు మీద బస్సు కోసం ఎదురుచూసే తండ్రితోనూ, టిఫిన్ డబ్బా సర్దే కూతురితోనూ, సాయంత్రం ఆయన తిరిగి వచ్చేసరికి ఇంట్లో మారిపోయిన మాటలతోనూ చెప్పవచ్చు. కథ రాసేటప్పుడే ఇలా ఆలోచించగలిగితే ఖర్చు కాగితం మీదనే సగానికి తగ్గిపోతుంది.

ఇక కెమెరా విషయం. మీ ఇంట్లో ఇప్పుడున్న ఫోన్ ఓ మాదిరిదైనా పది నిమిషాల చిత్రానికి సరిపోతుంది. ఎడిటింగ్‌కు డావిన్చీ రిజాల్వ్ వంటి సాఫ్ట్‌వేర్ ఉచితంగానే దొరుకుతుంది. అందుకు కాస్త శక్తి ఉన్న కంప్యూటర్ కావాలి కనుక ఏదైనా స్టూడియోలోనో, స్నేహితుడి దగ్గరో ఏర్పాటు చేసుకోవాలి. నిజంగా డబ్బు పెట్టవలసింది శబ్దానికి. బొమ్మ కొంచెం మసకగా ఉన్నా ప్రేక్షకుడు సర్దుకుంటాడు, మాట వినపడకపోతే మాత్రం రెండో నిమిషంలోనే వదిలేస్తాడు. మీరు పని చేసే చోటునే తీసుకోండి. కట్టర్ కింద పిక్క పగిలే చప్పుడు, అవతల బాయిలర్ హోరు, నెత్తిమీద ఫ్యాను, వీటన్నిటి మధ్య ఇద్దరు ఆడవాళ్లు మాట్లాడుకుంటుంటే, నాలుగడుగుల దూరంలో పెట్టిన ఫోన్‌కు యంత్రమే వినపడుతుంది, మనిషి వినపడదు. వెయ్యి రెండు వేల రూపాయలకు వచ్చే చిన్న కాలర్ మైకును పమిట అంచున, నోటికి జానెడు దూరంలో పెట్టి, దాని తీగను నడుముకు కట్టిన సంచిలోని రెండో ఫోన్‌కు కలిపి రికార్డు చేస్తే మాట శుభ్రంగా వస్తుంది. ప్రతి షాట్ మొదట్లో ఒకసారి చప్పట్లు కొడితే ఎడిటింగ్‌లో బొమ్మనూ శబ్దాన్నీ కలపడం తేలిక. షూటింగ్ అయ్యాక ఎవరూ మాట్లాడకుండా ఆ చోటు శబ్దాన్ని మరో నిమిషం విడిగా రికార్డు చేసుకుంటే, మాటల మధ్య అతుకులు కనపడకుండా పూడ్చుకోవచ్చు. డబ్బింగ్ థియేటర్‌కు పెట్టే ఖర్చు ఇలా మిగులుతుంది. ట్యూబ్‌లైట్ల కింద తీసేటప్పుడు కెమెరా సెట్టింగుల్లో షట్టర్ వేగాన్ని 1/50 (సెకనులో యాభయ్యో వంతు) దగ్గర ఉంచితే తెర మీద మిణుకు రాదు. ముఖం మీదికి వెలుతురు తిప్పడానికి ఒక థర్మోకోల్ షీటు చాలు.

మీ పని గురించి ఇంకో మాట చెప్పాలి. పిక్క తొక్కలోని రసం చర్మాన్ని కాలుస్తుందని, అందుకే వేళ్లకు బూడిదో నూనో రాసుకుని కూర్చుంటారని, అయినా వేళ్ల కొసలు నల్లబడతాయని మీకు తెలుసు. అది బయటివారిలో చాలామందికి తెలియదు. దగ్గరగా తీసిన ఆ వేళ్లు ఒక పేజీ డైలాగులు చేసే పనిని చేస్తాయి. హైదరాబాద్‌లో ఎంత డబ్బు పోసినా దొరకని ఇటువంటి సంగతులు మీ అబ్బాయికి ఇంట్లోనే ఉన్నాయి. యజమాని అనుమతి, కనిపించే ప్రతి మనిషి అంగీకారం మాత్రం ముందే తీసుకోవాలి. 2018లో వచ్చిన ‘కేరాఫ్ కంచరపాలెం’ చాలా వరకు ఆ విశాఖ పేటలోని స్థానికులతోనే, వృత్తి నటులు కాని వారితోనే తీసిన సినిమా. మీ ఊరి పేరుతోనే 2020లో ‘పలాస 1978’ వచ్చింది. మన యాస, మన మనుషులు తెర మీద నిలబడతారా అన్న అనుమానం ఇప్పుడు ఎవరికీ అక్కర్లేదు.

బంగారం సంగతికి వస్తే, సత్యజిత్ రాయ్ కూడా భార్య నగలు తాకట్టు పెట్టి సినిమా తీశాడని అబ్బాయి మీతో అనవచ్చు. అది నిజమే. అయితే ఆ కథ మొత్తం చెప్పమని అడగండి. ‘పథేర్ పాంచాలీ’ తీసే రోజుల్లో రాయ్ ఒక ప్రకటనల సంస్థలో ఉద్యోగం చేస్తూ, సెలవు రోజుల్లో షూటింగ్ పెట్టుకునేవాడు. నగలు తాకట్టుకు వెళ్లే నాటికే సన్నివేశాలను బొమ్మలుగా గీసిన పుస్తకం చేతిలో ఉంది, కొంత భాగం చిత్రీకరణ కూడా అయింది. అప్పటికీ డబ్బు చాలక పని పలుమార్లు ఆగింది. చివరికి పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం నిధులు ఇచ్చాకే సినిమా పూర్తయి 1955లో విడుదలైంది. మీ అబ్బాయి స్క్రిప్టు రాసుకున్నాడన్న మాట కూడా మీ ఉత్తరంలో లేదు.

డిగ్రీ పూర్తి చేయమనడానికి మరో కారణం ఉంది. 1960లో పుణెలో మొదలైన ఎఫ్‌టీఐఐ (ఫిల్మ్ అండ్ టెలివిజన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియా), 1995లో కోల్‌కతాలో ఏర్పడిన సత్యజిత్ రాయ్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ రెండూ కేంద్ర ప్రభుత్వ సంస్థలే. దర్శకత్వం, ఛాయాగ్రహణం, ఎడిటింగ్, శబ్దగ్రహణం వంటి ప్రధాన కోర్సులకు డిగ్రీ ఉండాలి, ప్రవేశ పరీక్ష రాయాలి. ఇప్పుడు కాలేజీ మానేస్తే ఆ తలుపులు తానే మూసుకున్నట్టవుతుంది. తెలుగు పరిశ్రమలో 24 క్రాఫ్టులు, అంటే 24 పని విభాగాలు, ఉన్నాయంటారు. అందరూ దర్శకులే కానక్కర్లేదు. మన జిల్లాల నుంచి వచ్చే యువకులకు ఎడిటింగ్, శబ్దం, కలర్ గ్రేడింగ్ (బొమ్మలో రంగులు సరిదిద్దడం) పనుల్లో నిలదొక్కుకోవడం దర్శకత్వం కన్నా సులువని నా అభిప్రాయం. సెలవుల్లో కాశీబుగ్గలోనో శ్రీకాకుళంలోనో పెళ్లి వీడియోలు చేసే స్టూడియోలో చేరమనండి. జీలకర్రబెల్లం పెట్టే క్షణం మళ్లీ రాదు. ఆ సమయానికి కెమెరా ఎక్కడ ఉండాలో తెలిసినవాడికి షూటింగ్ క్రమశిక్షణ వచ్చినట్టే, పైగా చేతికి నాలుగు రూపాయలు వస్తాయి.

ఖర్చు ఇలా ఏర్పాటు చేయండి. పది నిమిషాల మొదటి చిత్రానికి 15,000 రూపాయలు దాటవద్దని చెప్పండి. మైకు, స్టాండు, ఆటోలు, రెండు రోజుల భోజనాలు అందులోనే రావాలి. స్నేహితులు తలా కొంత వేసుకుంటే మీ మీద భారం ఇంకా తగ్గుతుంది. స్క్రిప్టు పూర్తిగా రాసి మీకు చదివి వినిపించాకే మొదటి రూపాయి ఇవ్వండి. సినిమా పాటలను అందులో వాడనివ్వవద్దు, ఆ హక్కులు వేరేవారివి. దగ్గరలో తప్పెటగుళ్ల జానపద కళాకారుల బృందం ఉంటే అడిగి, తగిన పారితోషికం ఇచ్చి, పేరు వేసి పాడించుకోవచ్చు. యూట్యూబ్‌లో పెట్టే చిన్న చిత్రానికి సెన్సార్ సర్టిఫికెట్ అక్కర్లేదు, థియేటర్‌లో ప్రదర్శించాలంటే తప్పనిసరి. ఛాన్స్ ఇప్పిస్తాం, ఆడిషన్ ఫీజు కట్టండి, సహనిర్మాతగా చేర్చుకుంటాం అంటూ డబ్బు అడిగే ఎవరికీ ఒక్క రూపాయి పంపవద్దు.

చిత్రం పూర్తయ్యాక మీతో పని చేసే ఆడవాళ్లను కూర్చోబెట్టి చూపించమనండి. వాళ్లు ఎక్కడ నవ్వారో, ఎక్కడ పక్కకు తిరిగి మాటల్లో పడ్డారో అబ్బాయి రాసుకోవాలి. ఆ కాగితం దగ్గర పెట్టుకుని రెండో చిత్రం రాయాలి. రెండో చిత్రానికీ అదే శ్రద్ధ నిలిస్తే, అప్పుడు మంచి కెమెరాను విశాఖ నుంచి రోజు అద్దెకు తెచ్చుకోవచ్చు. దానికి కూడా తాకట్టు అవసరం రాదు.