వస్తనన్నడు

నల్లగొండ

చిరంజీవికి ఆశీస్సులు.

నీ కథ అందింది. పన్నెండు పుటల కథలో ‘నేను అనుకుంటున్నాను’ అనే మాట నలభై మూడు చోట్ల ఉంది. మొదటిసారి కథ కోసమే చదివాను. రెండోసారి పెన్సిలు పట్టుకుని ఆ మాట కనిపించిన ప్రతిచోటా కింద గీత గీసుకుంటూ పోయాను, పోయినకొద్దీ కోపం పెరిగింది. అట్లా గీస్తూ ఏడో పుటకు వచ్చేసరికి, పానగల్లు చెరువుకట్ట మీద కూర్చున్న నాయనమ్మ చేత నీవు పలికించిన మాట ఎదురైంది: ‘మీ తాత పొద్దుగూకకముందే వస్తనన్నడు బిడ్డా.’ అక్కడ పెన్సిలు పక్కన పెట్టి కాసేపు ఊరికే కూర్చున్నాను. ఈ వాక్యం రాసిన చెయ్యే ఆ నలభై మూడు వాక్యాలనూ రాసిందన్న బాధతోనే ఈ ఉత్తరం ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

నీవు ఎం.ఏ. ఇంగ్లీషు చదువుతున్నావు కనుక ముందు ఆ భాష వైపు నుంచే మాట్లాడతాను. నీ ‘నేను అనుకుంటున్నాను’కు మూలమైన ‘ఐ థింక్ దట్’ అన్నది చూడటానికి ఒకరి ఆలోచనను మనకు నివేదించే వాక్యంలాగా కనబడుతుంది. ‘హీ థింక్స్ దట్’ అన్నప్పుడు అది నిజంగా నివేదనే, ‘ఐ థాట్ దట్’ అన్నప్పుడు కూడా చాలావరకు నివేదనే. కానీ ఉత్తమ పురుషలో, వర్తమాన కాలంలో, రోజువారీ మాటల్లో ఆ పని మారిపోతుంది. ‘ఐ థింక్ ఇట్ విల్ రెయిన్’ అన్నవాడు తన మనసులో నడుస్తున్న ఆలోచనను వర్ణించడం లేదు, వాన గురించి తాను చెప్పిన మాటకు కొంత బలం తగ్గించుకుంటున్నాడు. దీనికి రుజువు ఆ భాషలోనే ఉంది. ఆ వాక్యం చివర ప్రశ్న తగిలించవలసి వస్తే ఇంగ్లీషువాడు ‘వోంట్ ఇట్?’ (పడదా?) అంటాడు తప్ప ‘డోంట్ ఐ?’ (నేను అనుకోనా?) అనడు. అంటే అతని దృష్టిలో అసలు వాక్యం వాన గురించినదే, ‘ఐ థింక్’ దానికి తగిలించిన పట్టీ మాత్రమే. అందుకే దాన్ని ముందు నుంచి తీసి వాక్యం మధ్యలోనో చివరనో పెట్టినా ఏమీ చెడదు, అందుకే నోటి మాటలో ‘దట్’ సులువుగా జారిపోతుంది. ఉపన్యాసంలో, కోర్టు కాగితంలో అయితే ఆ ‘దట్’ నిలబడుతుంది. 1952లోనే అర్మ్‌సన్ అనే తత్త్వవేత్త ఇట్లాంటి క్రియలను విడదీసి చూపి, అవి మనసులో జరిగే పనిని వర్ణించవని, పక్కనున్న మాటను ఎంతవరకు నమ్మవచ్చో వినేవాడికి సూచిస్తాయని వాదించాడు.

ఆ భాషలో పూర్వం ‘మీథింక్స్’ అనే మాట ఉండేది. అందులోని ‘మీ’కి అర్థం ‘నేను’ కాదు, ‘నాకు’. ఆ క్రియ కూడా ఇప్పటి ‘థింక్’ కాదు, ‘తోచు’ అనే అర్థం గల వేరే క్రియ. అంటే వాళ్లు కూడా ఒకప్పుడు మనలాగే ‘నాకు తోస్తున్నది’ అన్నవాళ్లే. కాలక్రమంలో వాళ్ల ‘నాకు’ పోయి ‘నేను’ మిగిలింది, ఇప్పుడు ఆ ‘నేను’ను మనం అరువు తెచ్చుకుని మన ‘నాకు’ను పారేసుకుంటున్నాము. నా కోపమంతా ఇక్కడే ఉంది.

తెలుగులో ‘అనుకొను’ అంటే తనకు తాను అనుట. మనకు ఆలోచన కూడా ఒక మాటే, లోపల పలికిన మాట. ‘అని’ అన్నది ‘అను’ క్రియ నుంచి పుట్టింది, చెప్పదలచిన విషయమంతా ముగిశాక వచ్చి దాన్ని మూటగట్టి పై క్రియకు అందిస్తుంది. ఇంగ్లీషు ‘దట్’ తన తర్వాత రాబోయేదాన్ని వేలుపెట్టి చూపుతుంది, ఎందుకంటే అది మొదట్లో ‘అది’ అనే చూపుమాట. ఈ రెండింటి నడక ఎదురెదురు. నీవు ‘నేను అనుకుంటున్నాను, అతను ఇక తిరిగి రాడని’ అని రాసినప్పుడు తెలుగు వాక్యాన్ని వెనక్కి నడిపించావు. ‘సంగతేమిటంటే’ అని మొదలుపెట్టడం మన పెద్దలకూ అలవాటే, దాన్ని నేను తప్పుపట్టను. కానీ ‘నేను నమ్ముతున్నాను ఏమిటంటే’, ‘నాకు అనిపిస్తుంది ఏమిటంటే’ అన్నవి టీవీ చర్చల్లో వినబడుతూ ఇప్పుడు కథల్లోకి పాకుతున్నాయి.

మన నేల మీద ఇతర భాషలు ఏం చేశాయో చూడు. ఉర్దూలో ‘ఉస్‌నే కహా కి’ (అతను అన్నాడు, ఏమనంటే) అని ముందే ‘కి’ పెట్టి తర్వాత విషయం చెప్తారు. ఆ ఉర్దూయే దక్కనుకు వచ్చి మన మధ్య బతికాక, మా వీధిలో నీవూ రోజూ వింటున్నట్టుగా, ‘కల్ ఆతుఁ బోల్‌కే బోలా’ (రేపు వస్తనని చెప్పిండు) అయింది. ఆ ‘బోల్‌కే’ మన ‘అని’యే, సరిగ్గా ‘అని’ ఉండవలసిన చోటనే కూర్చున్నది. రాజ్యం ఏలిన భాష మన వాక్యపు నడకను నేర్చుకుంది. ఇక్కడ పుట్టిన మనం ఆ నడకను ఎందుకు వదులుకోవాలి?

పైగా ‘అనుకుంటున్నాను’ నీవు అనుకున్న పని చెయ్యదు. ‘రేపు దేవరకొండకు పోదామనుకుంటున్నాను’ అంటే అది సంకల్పం. ‘వాడు వచ్చి ఉంటాడనుకుంటా’ అంటే అది సందేహం, అందులో ‘నేను’ అవసరం లేదు, ఆ మాట వాక్యం తోకలో మెల్లగా పలుకుతుంది. ఇంగ్లీషు ‘ఐ థింక్’కు దగ్గరగా వచ్చేది ఈ రెండోదే. ఇక ‘ఐ గెస్’ అనేవాడికి మన జిల్లాలో ‘గావొచ్చు’ ఉంది. ‘వాన కొడ్తది గావొచ్చు’, ‘బస్సు పోయింది గావొచ్చు’ అని వినని రోజు నాకు గుర్తులేదు. ఎవరో చెప్తే విన్నదానికి ‘వచ్చిండట’ అన్న ఒక్క ‘అట’ చాలు. ‘ఐ డోంట్ థింక్ హీ విల్ కమ్’ అన్నదాన్ని నీవు ‘అతను వస్తాడని నేను అనుకోవడం లేదు’ అని దించావు. ఇంగ్లీషువాడు కాదనే మాటను ‘థింక్’ మీదికి ఎక్కించుకుంటాడు, అది వాడి పద్ధతి. మనం కాదనే మాటను రాకపోకల మీదనే ఉంచి ‘వాడు రాడనుకుంటా’ అంటాము, లేకుంటే ‘వాడొచ్చేటట్టు లేడు’ అంటాము.

ఈ విషయంలో నాకింత పట్టుదల రావడానికి ఒక కారణముంది. డిగ్రీ చదివే రోజుల్లో మా వీధిలో ఇంగ్లీషు ఉత్తరం వస్తే చదవడానికి నన్నే పిలిచేవారు. మా పక్కింటి పద్మశాలీల అబ్బాయి, ఈ ప్రాంతం నుంచి ఎందరో పోయినట్టే, భివండికి పోయి మరమగ్గాల మీద పనికి కుదిరాడు. చాలా రోజులు ఉత్తరం రాకపోయేసరికి వాళ్లమ్మ నా చేత సేటుకు జాబు రాయించింది. గుమాస్తా ఇంగ్లీషులో బదులు రాశాడు: ‘ఐ యామ్ అఫ్రెయిడ్ దట్ హీ హాజ్ లెఫ్ట్ అస్.’ నేను గడప దగ్గర నిలబడి, పదానికి పదం చొప్పున, ‘మీవాడు మమ్మల్ని విడిచి వెళ్లిపోయాడని భయపడుతున్నాను’ అని చదివాను. ఆ తల్లి ఆ మాటను ఎట్లా వినాలో అట్లాగే విన్నది. ఆ రాత్రి వాళ్లింట్లో పొయ్యి వెలగలేదు, తెల్లారేదాకా ఏడుపు వినిపిస్తూనే ఉంది. నాలుగు రోజులకు కొడుకు దగ్గర నుంచి తెలుగులో కార్డు వచ్చింది, వేరే కార్ఖానాలో పనికి చేరానని. ఆ గుమాస్తా దేనికీ భయపడలేదు. ‘చెప్పడానికి ఇబ్బందిగా ఉంది కానీ’ అన్నంత మర్యాద మాత్రమే ఆ ‘అఫ్రెయిడ్’లో ఉంది, మిగిలినదంతా అతను మా దగ్గర పని మానేశాడన్న కబురు. ఆమె నన్ను ఒక్క మాట కూడా అనలేదు, కానీ ఆ తర్వాత ఏ ఉత్తరమూ నా చేత చదివించలేదు. ఉత్తమ పురుషలో ఉన్న క్రియనల్లా మనసులోని మాటగా తీసుకుంటే ఏమవుతుందో నాకు ఆ వారంలో తెలిసింది.

ఆ తర్వాత ఒక పత్రికలో రాత్రిపూట వార్తలు అనువదించే పని చేశాను. అక్కడ మంత్రి ఏది పలికినా ‘అభిప్రాయపడ్డారు’, ‘ఆశాభావం వ్యక్తం చేశారు’, ‘విశ్వాసం వెలిబుచ్చారు’ అని రాయాలని నియమం. ‘అన్నారు’ అని రాస్తే కొట్టేసేవారు, అది తేలికపాటి మాటట. నా మొదటి కథను తీసుకున్న వారపత్రిక సంపాదకుడు అంతకంటే పెద్ద అన్యాయం చేశాడు. అందులో ఒక ముసలాయన ‘నా కొడుకు దసరాకు వస్తనన్నడు’ అంటాడు. అచ్చులో అది ‘నా కుమారుడు దసరాకు వచ్చెదనని తెలిపినాడు’ అయింది. నన్ను అడగనైనా లేదు. నలభై ఏళ్లు దాటింది, ఆ అచ్చుకాగితం ఇప్పటికీ నా దగ్గర ఉంది, దాన్ని చూస్తే ఇప్పటికీ నాకు నిద్ర పట్టదు.

ఎందుకో నీ నాయనమ్మ వాక్యంతోనే చెప్తాను. ‘వస్తనన్నడు’లో రెండు నోళ్లున్నాయి. ‘వస్తను’ తాత నోటి మాట, అందులోని ‘నేను’ తాతే. ‘అన్నడు’ నాయనమ్మ మాట. ఇంగ్లీషులో ‘హీ సెడ్ దట్ హీ వుడ్ కమ్’ అనవలసి వస్తుంది. అక్కడ తాత పలికిన ‘నేను’ కాస్తా ‘అతను’ అవుతుంది, ‘వస్తాను’ కూడా గతంలోకి జరిగిపోతుంది. చెప్పేవాళ్ల నోట్లో పడి అసలు మనిషి గొంతు అరిగిపోతుంది. తెలుగులో అట్లా కాదు. తాత పోయి ముప్పై ఏళ్లయినా ఆయన చెప్పిన ‘వస్తను’ ఆమె నోట్లో ఆయన గొంతుతోనే ఉన్నది. నీవు దీన్ని ఏ పుస్తకంలోనూ నేర్చుకోలేదు, మీ ఇంట్లో విన్నావు. కానీ తొమ్మిదో పుటలో అదే సంగతిని నీ మాటగా చెప్పవలసి వచ్చేసరికి ‘తాను వస్తాడని తాత చెప్పాడని నేను అనుకుంటున్నాను’ అని రాశావు. ఆ పుటను చించి మళ్లీ రాయి.

కథ చెప్తున్నది నీ ‘నేను’, ఆ మనవరాలు, కనుక అందులో కనిపించేదీ తోచేదీ అంతా ఆమెదేనని చదివేవాడికి తెలుసు. ప్రతి వాక్యానికీ ‘నేను అనుకుంటున్నాను’ అని ముద్ర వేస్తే, ఆమెకు కళ్లముందున్న చెరువు మీద కూడా నమ్మకం లేనట్టు అవుతుంది. ‘ఆ సాయంత్రం ఉదయసముద్రం నిండుగా ఉందని నేను అనుకుంటున్నాను’ అని రాశావు. నీవు కట్ట మీదనే కూర్చున్నావు కదా! నిండుగా ఉంటే ఉందని రాయి, లేకపోతే లేదని రాయి.

ఒక్కచోట మాత్రం కొట్టెయ్యకు. పదకొండో పుటలో, చీకటి పడ్డాక నాయనమ్మ కొంగుతో మొహం తుడుచుకుంటుంది, ఆమె ఏడ్చిందో లేదో ఆ పిల్లకు తెలియదు. అక్కడ సందేహమే కథ. అయితే ‘నాయనమ్మ ఏడ్చిందని నేను అనుకుంటున్నాను’ అన్నది తీసేసి, ఆ పిల్ల మీ ఇంట్లో పెరిగిన పిల్ల కనుక, ‘నాయనమ్మ ఏడ్చింది గావొచ్చు’ అని రాసి చూడు. చూసి నాకు పంపు. ఈసారి పుటకు ఒకవైపే రాయి, నా గీతలకు చోటుండాలి.

మీ అమ్మకు నా నమస్కారాలు చెప్పు.

ఆశీస్సులతో.