బల్బు మారిస్తే సెల్ఫ్ పోయింది

ప్రశ్న: అన్నా నమస్తే. నాది 2011 మోడల్ వంద సీసీ బండి, రోజు రాత్రి పదింటికి హన్మకొండల దుకాణం బందు చేసి నర్సంపేట పోవాలె. లైటు రేస్ ఇస్తెనే వెలుగుడు, గుంత కాడ స్లో చేస్తే ఆ గుంతనే కనవడకపోవుడు. వడ్ల సీజన్ల వెనుక లైటు లేని ట్రాక్టర్లు వేరే. ఒక షాపుల 100/90 వాట్ల బల్బు ఏసి వైరు డైరెక్ట్ బ్యాటరీకి కలిపిండు. రెండు రోజులు పట్టపగలే అనుకో. మూడో రోజు సెల్ఫ్ కొడితే టిక్ టిక్ అంటాంది, హారన్ గొంతు పోయింది, నిన్న లైటు కాడ ప్లాస్టిక్ కాలిన వాసన. ఇప్పుడు కొత్త బ్యాటరీ ఏద్దాం అంటాండు. ఏయాల్నా?

- ఓ పాఠకుడు, నర్సంపేట

జవాబు: వద్దు తమ్మీ, ఆగు. రేస్ ఇస్తెనే వెలుగుడు అన్నవ్ చూడు, అసలు సంగతి ఆడనే ఉన్నది. అసొంటి పాత బండ్లల్ల హెడ్‌లైట్‌కు కరెంట్ బ్యాటరీకెళ్లి రాదు, ఇంజన్ తిరిగితే కరెంట్ పుట్టిచ్చే మ్యాగ్నెట్ కాయిల్ కెళ్లి సీదా ఏసీ వస్తది, బ్యాటరీ ఉన్నది సెల్ఫ్, హారన్, ఇండికేటర్లకే, దానికి అచ్చే ఛార్జింగ్ గూడ గంతే. 100 వాట్ల బల్బు 12 వోల్టుల మీద ఎనిమిది ఆంపియర్ల పైన గుంజుతది. నీ బ్యాటరీ 5 ఏహెచ్, అంటే గంట సేపు 5 ఆంపియర్లు ఇచ్చేది అనుకున్నా అరగంట దాటితే ఖాళీ, నువ్వు నర్సంపేట చేరుడే గొప్ప. 25 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ మీద ఊరి మోటార్లన్ని ఏసి, కాలిపోయింది కొత్తది తేండ్రి అన్నట్టున్నది ఆయన యవ్వారం.

కాలిన వాసనను మాత్రం అలకగ తీసుకోకు. కంపెనీ వైరు 35 వాట్లకు, అంటే మూడు ఆంపియర్లకు ఏసింది, ఎనిమిది పోతే హోల్డర్ల క్లిప్పులు కాలి ప్లాస్టిక్ కరుగుతది. నడుమ ఫ్యూజ్ పెట్టిండా అసలు? పెట్టకపోతే ఇయ్యాల్నే ఆ వైరు పీకేయ్.

మళ్ల 35/35 బల్బే ఏసి పాత ఏసీ లైన్‌కే కలిపియ్, హోల్డర్ సిరామిక్‌ది ఏయి. రిఫ్లెక్టర్ మసకబారిందా చూడు, నీ అసొంటి బండ్లల్ల సగం వెలుగు ఆడనే పోతది, బల్బును తిడుతరు. ఎర్త్ వైరు తుప్పు గీకి గట్టిగ బిగించు.

అయినా చాలకపోతే బల్బు కాదు, కాయిల్ సంగతి చూడాలె: వైండింగ్ ఫుల్ వేవ్‌కు, అంటే ఏసీ రెండు దిక్కుల కరెంటూ వాడుకునేటట్టు మార్చి, దానికి తగ్గ రెగ్యులేటర్ రెక్టిఫైర్ (ఏసీని డీసీ చేసి వోల్టేజీ అదుపుల పెట్టే డబ్బ) ఏస్తె బండి మొత్తం డీసీ అయితది, స్లోల గూడ లైటు ఒక్కతీర్గ ఉంటది, అప్పుడు బల్బుకు కరెంట్ సీదా బ్యాటరీకెళ్లి ఇచ్చే స్విచ్ అసొంటి రిలే పెట్టుకోవచ్చు. ఎల్ఈడీ అని ఉరకకు, హాలోజన్ రిఫ్లెక్టర్ల అది ఏస్తె వెలుగు చెల్లాచెదురై ఎదురొచ్చేటోని కండ్లల్ల కొడతది.

బ్యాటరీని ఛార్జింగ్ పెట్టించి, ఒక పూట ఇడిసిపెట్టినంక మీటర్ పెట్టు. 12.5 వోల్టుల దగ్గర నిలవడితే అది మంచిగనే ఉన్నట్టు. బండి స్టార్ట్ చేసి రేస్ ఇచ్చినప్పుడు ఎంతొస్తాందో గూడ చూసి రాయి, 13.5 నుంచి 14.5 నడుమ లేకుంటే రెగ్యులేటర్ సంగతి అప్పుడు మాట్లాడుకుందాం.